నర్సు చదువు ముగిసిన పిమ్మట

గ్రామ పంచాయతీ సభ్యులకు తరచుగా ఎదురగు కోరిక ఒకటి కలదు. ఊరిలోని ఒక రైతు సాయంకాలమున ఇంటికి వచ్చి, "సర్పంచిగారూ, మా అమ్మాయి నర్సు పరీక్ష ప్యాసయినది. పట్నములో పెద్ద దవాఖానాలో మీకు తెలిసినవారెవరైన ఉన్నచో ఒక్క మాట చెప్పించండి" అని అడుగును. ఆ చదువునకై అతడు అప్పు తెచ్చియుండును. ఒక్కొక్కప్పుడు భూమి కుదువపెట్టియుండును. చదువు ముగిసి ఏడాది దాటినను ఉద్యోగము లేదు. వడ్డీ పెరుగుచున్నది. అమ్మాయి ఇంటివద్ద కూర్చున్నది.

ఇట్టి వేళ పంచాయతీ సభ్యుడు ఏమి చేయవలెను? ఒక్క మాట చెప్పించుటవలన ప్రభుత్వ ఆసుపత్రిలో ఉద్యోగము రాదు. కాని ఉద్యోగము ఎట్లు వచ్చునో, ఏల ఆలస్యమగుచున్నదో, ఏ కాగితము లేనిచో ఎక్కడ ఆగిపోవునో తెలిసిన పెద్ద ఊరిలో ఒకరున్నచో, ఆ కుటుంబమునకు రెండు మూడు సంవత్సరములు కలిసివచ్చును. సిఫారసు కన్న సమాచారమే మేలు చేయు సందర్భమిది. ఆ సమాచారమును మీ ముందుంచుటయే మా ఉద్దేశము.

మూసీ ఒడ్డున

పల్లెనుండి హైదరాబాదు వచ్చు బస్సులలో అనేకము మూసీనది ఒడ్డునగల మహాత్మా గాంధీ బస్సు స్టేషనులో ఆగును. అచటినుండి కాలినడకన పోదగిన దూరములోనే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా సార్వజనిక ఆసుపత్రి కలదు. 1908 సెప్టెంబరు 28వ తేదీనాటి మూసీ వరదలో అఫ్జల్‌గంజ్‌లోని పాత ఆసుపత్రి ధ్వంసమైన పిమ్మట, ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలమున ఈ ఆసుపత్రి వెలసినది. నది దాటి పాతబస్తీలో ప్రవేశించినచో పేట్లబుర్జులో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రియు, పురానీ హవేలీలో దుర్రుషెహ్వార్ పేరిట పిల్లల ఆసుపత్రియు కనబడును. నదికి ఈవలిప్రక్క రెడ్ హిల్స్‌లో 1953లో నెలకొల్పబడిన నిలోఫర్ ఆసుపత్రి పసిపిల్లలకు ప్రసిద్ధమైనది. తన పరిచారిక ఒకతె 1949లో కాన్పు సమయమున మరణించగా, దానికి చలించిన నిలోఫర్ రాకుమారి తల్లులకు, బిడ్డలకు ఒక ఆసుపత్రి కావలెనని పూనుకొనుటయే దాని పుట్టుకకు కారణము.

ఇన్ని ఆసుపత్రులు దగ్గర దగ్గరగా నుండుటచే, నర్సు చదివిన పల్లె అమ్మాయిల చూపు సహజముగా ఈ ప్రాంతముమీదనే నిలుచును. పనికి కొదువ లేదు. ఒక్కొక్క వార్డులో రోగులు కిక్కిరిసియుందురు. రోగులలో పెక్కుమంది ఉర్దూ మాటలాడువారు గనుక, పల్లెనుండి వచ్చిన నర్సు మొదటి నెలలోనే "దర్ద్ కహాఁ హై" అని అడుగుట నేర్చుకొనును. అయినను పని ఉన్నంత మాత్రమున ఉద్యోగమున్నట్లు కాదు. ఈ భేదము తెలిసికొననిదే తక్కిన విషయము బోధపడదు.

చదువులు మూడు విధములు

నర్సు చదువనగానే అన్నియు ఒకటియే యని చాలమంది తలంచుచున్నారు. అది పొరపాటు. ఎ.ఎన్.ఎం. చదువు 2 సంవత్సరములు. వీరు ముఖ్యముగా ఉపకేంద్రములలో తల్లీబిడ్డల సేవకు, టీకాలకు ఉద్దేశింపబడినవారు. జి.ఎన్.ఎం. చదువు 3 సంవత్సరములు. బి.ఎస్సి. నర్సింగు 4 సంవత్సరములు. తెలంగాణములో 2023నుండి నర్సింగు ఆఫీసరని వ్యవహరింపబడుచున్న పూర్వపు స్టాఫు నర్సు ఉద్యోగమునకు జి.ఎన్.ఎం. గాని, బి.ఎస్సి. గాని ఉండవలెను. ఎ.ఎన్.ఎం. మాత్రమే చదివినవారు దానికి అర్హులు కారు. ఈ సంగతి చదువులో చేరకముందే తెలియవలసినది. చేరిన తరువాత తెలిసి విచారించిన కుటుంబములు అనేకము గలవు.

చదువు ఏదైనను, పరీక్ష ప్యాసయినంతనే పని చేయుటకు హక్కు రాదు. రాష్ట్ర నర్సింగు కౌన్సిలులో పేరు నమోదు కావలెను. 1947నాటి భారత నర్సింగు కౌన్సిలు చట్టము నాటినుండియు నర్సుల చదువునకు దేశమంతటను ఒకే ప్రమాణము ఏర్పరచు ప్రయత్నము జరుగుచున్నది. ఆ చట్టమునకు బదులుగా 2023లో పార్లమెంటు జాతీయ నర్సింగు, ప్రసూతి సేవల కమిషను చట్టమును ఆమోదించినది. గుర్తింపులేని పాఠశాలలో చదివినవారి పేరు నమోదు కాదు. మరొక రాష్ట్రములో చదివి నమోదైనవారు మన రాష్ట్రమున ఉద్యోగము కోరినచో, ఇచటి కౌన్సిలులో పేరు మార్పించుకొనవలెను.

మొదటి ఉద్యోగము ఏల దొరకదు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన నివేదిక ప్రకారము, 2018 నాటికి ప్రపంచమున 2 కోట్ల 79 లక్షల మంది నర్సులుండిరి. ఇంకను 59 లక్షల మంది కొరతగా నుండిరి. ఇంత కొరత ఉండగా చదివినవారికి పని లేకుండుట ఎట్లు? దీనికి మూడు కారణములు గలవు.

మొదటిది, ప్రభుత్వ ఉద్యోగములు మంజూరైన లెక్కను బట్టియే ఉండును. రోగులు పెరిగినంతనే ఉద్యోగములు పెరుగవు. బోధనాసుపత్రులలో ముగ్గురు రోగులకు ఒక నర్సు, సాధారణ ఆసుపత్రులలో ఐదుగురు రోగులకు ఒక నర్సు ఉండవలెనని భారత నర్సింగు కౌన్సిలు ప్రమాణము. ఈ ప్రమాణము కాగితముమీద నున్నను, మంజూరు, ఆర్థిక అనుమతి, ప్రకటన, పరీక్ష అను మెట్లు దాటినగాని ఒక్క నర్సయినను వార్డులో అడుగిడదు.

రెండవది, నియామకములు ఏటేట కొద్దికొద్దిగా గాక, కొన్నియేండ్లకొకసారి పెద్దసంఖ్యలో జరుగుచుండుట. తెలంగాణ వైద్య ఆరోగ్య సేవల నియామక మండలి 2022 డిసెంబరు 30వ తేదీన 5,204 ఉద్యోగములకు ప్రకటన వెలువరించినది. సుమారు 40 వేలమంది దరఖాస్తు చేసికొనిరి. పరీక్ష 2023 ఆగస్టు 2న జరిగినది. ఇంతలో ఉద్యోగముల సంఖ్య పెంచబడి, 2024 జనవరి 31న హైదరాబాదులో 6,956 మందికి నియామక పత్రములు ఇవ్వబడినవి. ప్రకటన నాటినుండి పత్రము చేతికి వచ్చువరకు 13 నెలలు పట్టినదన్నమాట. అటుపిమ్మట 2024 సెప్టెంబరులో మరి 2,050 ఉద్యోగములకు ప్రకటన వచ్చినది. ప్రకటన వచ్చిన సమయమున కాగితములన్నియు సిద్ధముగా నున్నవారు ముందుకు పోయిరి. లేనివారు మరల తరువాతి ప్రకటనకై వేచియుండవలసి వచ్చినది.

మూడవది అనుభవమను చిక్కుముడి. ప్రైవేటు ఆసుపత్రులవారు "రెండేండ్ల అనుభవమున్నదా?" అని అడుగుదురు. ఉద్యోగము లేనిదే అనుభవము రాదు. అనుభవము లేనిదే ఉద్యోగము రాదు. ఈ ముడి విప్పుటకు చాలమంది అమ్మాయిలు చిన్న నర్సింగుహోములలో అతి స్వల్పమైన జీతమునకు, పన్నెండేసి గంటల పనికి ఒప్పుకొనుచున్నారు. కొన్నిచోట్ల అసలు ధ్రువపత్రములను యజమానులే అట్టిపెట్టుకొనుటయు కలదు. ఇది తగదు. అసలు పత్రములను ఎవరికిని అప్పగింపరాదు, నకళ్లు చాలును.

జీతముల విషయమున సుప్రీంకోర్టు 2016 జనవరిలో ఇచ్చిన ఆదేశము ననుసరించి కేంద్ర ప్రభుత్వము ఒక నిపుణుల సంఘమును నియమించినది. 200 పడకలు మించిన ప్రైవేటు ఆసుపత్రులలో నర్సు జీతము ప్రభుత్వ నర్సు జీతమునకు సమానముగా నుండవలెననియు, 50 పడకలకు తక్కువైన ఆసుపత్రులలో సైతము నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదనియు ఆ సంఘము సిఫారసు చేసినది. అయితే ఈ సిఫారసు అన్నిచోట్ల అమలులోనికి రాలేదు. వాస్తవమును దాచి కుటుంబములకు ఆశ కల్పించుటకన్న, ఉన్నదున్నట్లు చెప్పుటయే మేలు.

ప్రభుత్వ ఎంపికలోని మార్కుల పద్ధతి కూడ తెలియదగినది. వ్రాతపరీక్షకు 80 మార్కులు. ప్రభుత్వ ఆసుపత్రులలో కాంట్రాక్టు లేక ఔట్‌సోర్సింగు పద్ధతిని పనిచేసినవారికి 20 మార్కులవరకు అదనము. గిరిజన ప్రాంతములలో ప్రతి ఆరు నెలల సేవకు రెండున్నర మార్కులు, ఇతర ప్రాంతములలో రెండు మార్కులు లభించును. ప్రైవేటు ఆసుపత్రిలో ఎన్నియేండ్లు పనిచేసినను ఈ మార్కులు రావు. కావున జీతము కొంచెము తక్కువైనను, ప్రభుత్వ ఆసుపత్రిలోని తాత్కాలిక ఉద్యోగము ముందుముందు ఎక్కువ ప్రయోజనకారి కావచ్చును. పట్నమునే పట్టుకొని కూర్చున్నదానికంటె, గిరిజన మండలములో పనిచేసి వచ్చిన అమ్మాయికి మార్కులు అధికము.

ఒక విభాగమునుండి మరొక విభాగమునకు

ఉద్యోగము దొరికిన పిమ్మట రెండవ చిక్కు ఆరంభమగును. ఆసుపత్రిలో నర్సు పని ఒకే విధముగా నుండదు. కాన్పుల గదిలో పనిచేయు నర్సు నొప్పుల తీరును, బిడ్డ గుండె చప్పుడును కనిపెట్టుచుండును. శస్త్రచికిత్స గదిలోని నర్సు పరికరములను వరుసతప్పక అందించును, లెక్క చూచును. తీవ్రచికిత్సా విభాగములోని నర్సు శ్వాసయంత్రముపై కన్నుంచును. మూత్రపిండముల రోగులకు రక్తశుద్ధి చేయు విభాగములో యంత్రము వేరు, మందులు వేరు.

కాన్పుల గదిలో పదేండ్లు పనిచేసిన నర్సు ఒకతె తీవ్రచికిత్సా విభాగమునకు మారదలచినదనుకొందము. రాత్రి కాన్పులతో ఆమె ఆరోగ్యము చెడియుండవచ్చును. లేదా క్రొత్త పని నేర్వవలెనను కోరిక కలిగియుండవచ్చును. ప్రైవేటు ఆసుపత్రిలో ఆమెను, "ఈ పనిలో మీకు అనుభవము లేదు" అని క్రొత్తవారి జీతముతోనే తీసికొందురు. ప్రభుత్వ ఆసుపత్రిలోనైతే ఆమెను వదలుటకు పాత వార్డువారు ఇష్టపడరు. ఆమె స్థానమున మరొకరు లేరు గనుక. ఇందులో ఎవరిని తప్పుపట్టుటకును వీలులేదు. క్రొత్త విభాగమున ఆమె పని నేర్చుకొనునంతవరకు ప్రక్కన మరొక నర్సు నిలువవలెను. నర్సులు తక్కువైనచోట అట్లు నిలుచువారెవరు? పొరపాటు జరిగినచో పోవునది రోగి ప్రాణము.

అయినను పదేండ్ల అనుభవము వృథాయని తలంపరాదు. కాన్పుల గదిలో పనిచేసిన నర్సు రక్తస్రావమును అందరికన్న ముందు గుర్తించును. రక్తపోటు పడిపోవుటను కనిపెట్టును. మందు మోతాదులు తెలిసియుండును. దుఃఖములోనున్న బంధువులతో మాటలాడనేర్చును. ఇవన్నియు తీవ్రచికిత్సా విభాగమున నిత్యము అక్కరపడునవే. దరఖాస్తులో "కాన్పుల విభాగమున 10 సంవత్సరములు" అని ఒక్క పంక్తి వ్రాసి ఊరకుండక, తాను చేయనేర్చిన పనులను వివరముగా వ్రాసి, వార్డు అధికారిచే సంతకము చేయించుకొనవలెను.

మారుటకు సులభమైన మార్గము, తానున్న ఆసుపత్రిలోనే మొదట ప్రయత్నించుట. సెలవుపై పోయినవారి స్థానమున కొన్ని దినములు పనిచేయుటకు ముందుకు వచ్చినచో, ఆ విభాగపువారికి ఆమె పని తెలియును. రెండవ మార్గము చదువు. పనిలో నున్న నర్సులకు తీవ్రచికిత్స, శస్త్రచికిత్స గది, క్యాన్సరు, నవజాతశిశు సేవ మొదలగు విషయములలో ఒక సంవత్సరపు డిప్లొమాలు గలవు. జి.ఎన్.ఎం. చదివినవారు 2 సంవత్సరముల పోస్టు బేసిక్ బి.ఎస్సి. చేయవచ్చును. బి.ఎస్సి. పూర్తిచేసినవారికి ఎం.ఎస్సి. నర్సింగులో ఐదు విభాగములు గలవు: సాధారణ వైద్య శస్త్రచికిత్సలు, శిశు ఆరోగ్యము, ప్రసూతి, మానసిక ఆరోగ్యము, సమాజ ఆరోగ్యము. ఎం.ఎస్సి.లో ఒక విభాగము నెన్నుకొన్న పిమ్మట మరల మార్చుకొనుట కష్టము. కావున వార్డులలో కొంతకాలము పనిచేసి, తనకు ఏది తగునో తెలిసికొని ఎన్నుకొనుట మంచిది.

మంత్రసాని పని మరల గౌరవము పొందినది

విభాగము మారుట సాధ్యమని చూపుటకు మన రాష్ట్రములోనే ఒక మంచి ఉదాహరణము కలదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, దేశములో నూటికి 21.5 కాన్పులు కడుపుకోతతో జరుగగా, తెలంగాణములో 60.7 జరిగినవి. అవసరము లేని కోతవలన తల్లికి కష్టము, కుటుంబమునకు ఖర్చు. సహజమైన కాన్పుకు తోడ్పడు నిపుణులు కావలెనని తెలంగాణ ప్రభుత్వము, ఫెర్నాండెజ్ సంస్థ, యూనిసెఫ్ కలిసి 2017లో కరీంనగరులో ఒక శిక్షణము ప్రారంభించినవి. అప్పటికే ఉద్యోగములోనున్న 30 మంది స్టాఫు నర్సులను ఎన్నుకొని, 18 నెలల శిక్షణమిచ్చి ప్రసూతి నిపుణులుగా తీర్చిదిద్దిరి. 2018లో కేంద్ర ప్రభుత్వము దేశమంతటికి ప్రసూతి సేవల మార్గదర్శక సూత్రములను వెలువరించినది.

ఈ ఉదాహరణములో గమనింపదగినది ఏమనగా, ఆ నర్సులు ఉద్యోగము మానుకొని, తమ ఖర్చుతో, తిరిగి క్రొత్తవారివలె ఆరంభింపవలసిన పని లేకపోయినది. ఉన్న ఉద్యోగములోనుండియే క్రొత్త విద్య నేర్చిరి. విభాగము మారుట ఒక నర్సు ఒంటరిగా మోయవలసిన బరువు కాదనియు, సంస్థయే పూనుకొన్నచో సులభమగుననియు దీనివలన తెలియుచున్నది.

పల్లెలోనే పని

ఉద్యోగమనగా పట్నమే యని తలంపనక్కరలేదు. మైదాన ప్రాంతమున 5,000 జనాభాకు, కొండ, గిరిజన ప్రాంతములలో 3,000 జనాభాకు ఒక ఉపకేంద్రముండవలెనని ప్రమాణము. ఈ ఉపకేంద్రములను పల్లె దవాఖానాలుగా మార్చి, ఎ.ఎన్.ఎం.లకు తోడుగా వైద్య సిబ్బందిని నియమించుటకు తెలంగాణ ప్రభుత్వము 2022లో పూనుకొన్నది. సమాజ ఆరోగ్యమున ఆరు నెలల ప్రత్యేక శిక్షణము పొందిన నర్సులును ఈ ఉద్యోగములకు అర్హులుగా పరిగణింపబడిరి. హైదరాబాదు బస్తీలలో 2018నుండి వెలసిన బస్తీ దవాఖానాలలోను ఒక్కొక్క నర్సుకు స్థానము కలదు. ఇట్టి చోట్ల పనిచేసిన నర్సు బి.పి., మధుమేహము, గర్భిణీ సేవ, పసిపిల్లల సేవ అన్నియు చూచును గనుక, ఒకే విభాగమున చిక్కుపడు భయమును తక్కువ.

విదేశముల మాట

గల్ఫు దేశములలో నర్సులకు మంచి జీతము కలదని విని, దళారుల చేతిలో లక్షలు పోయుచున్న కుటుంబములు గలవు. ఎమిగ్రేషను అనుమతి అవసరమైన 18 దేశములకు నర్సులను ప్రభుత్వము గుర్తించిన సంస్థల ద్వారానే పంపవలెనని కేంద్ర ప్రభుత్వము 2015లో నిబంధన విధించినది. మన రాష్ట్రమున టామ్‌కామ్ అను ప్రభుత్వ సంస్థ ఈ పని చూచుచున్నది. జర్మనీ, జపాను దేశములకు పోగోరువారికి భాషా శిక్షణము నేర్పాటు చేయుచున్నది. లక్షలు అడుగు దళారి ఊరిలో అడుగిడినచో, పంచాయతీవారు ఆ కుటుంబమును ముందుగా హెచ్చరింపవలెను.

పంచాయతీ చేయదగినది

ఈ విషయమున పంచాయతీకి పెద్ద ఖర్చేమియు లేదు. ఈ క్రింది పనులు చేసినచో చాలును.

1. ఊరిలో నర్సు చదువు చదువుచున్నవారి, చదివినవారి పేర్లు ఒక పుస్తకములో వ్రాసియుంచవలెను. ప్రకటన వెలువడినంతనే వారికి కబురందవలెను.

2. చదువులో చేరబోవు అమ్మాయి తల్లిదండ్రులకు, ఆ పాఠశాలకు నర్సింగు కౌన్సిలు గుర్తింపు కలదో లేదో విచారించి చెప్పవలెను. రుసుము కట్టకముందే ఇది జరుగవలెను.

3. ప్రభుత్వ నర్సింగు ఉద్యోగములలో నూటికి 95 స్థానికులకు కేటాయింపబడినవి. ఒకటవ తరగతినుండి ఏడవ తరగతివరకు చదివిన చోటును బట్టి స్థానికత నిర్ణయమగును. కావున ఊరి పాఠశాలనుండి చదువు ధ్రువపత్రమును, కుల, ఆదాయ పత్రములను ముందే తీసియుంచవలెనని చెప్పవలెను.

4. కౌన్సిలులో పేరు నమోదయినదా, నమోదు గడువు దాటిపోలేదు గదా యని అడుగవలెను. పెండ్లి, కాన్పుల కారణమున పని మానిన నర్సులు దీనిని మరచిపోవుట సాధారణము. గడువు దాటినవారికి మొదటి మెట్టు ఇదియే.

5. పనిచేసిన ప్రతిచోటను, తేదీలతో, విభాగము పేరుతో అనుభవ పత్రము తీసికొనవలెనని నొక్కి చెప్పవలెను. విడిచివచ్చిన మూడేండ్ల పిమ్మట ఆ పత్రము సంపాదించుట దుర్లభము.

6. ఊరిలో ఉపకేంద్రముండి అందులో ఉద్యోగము ఖాళీగా నున్నచో, గ్రామసభలో తీర్మానముచేసి జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారికి పంపవలెను.

ఈ చివరి విషయము ముఖ్యమైనది. ఒకప్రక్క ఊరి ఉపకేంద్రములో నర్సు లేదు. మరొకప్రక్క ఊరి అమ్మాయి నర్సు చదివి ఇంట కూర్చున్నది. ఈ రెండింటిని ఒకే చూపున చూడగలవారు పంచాయతీవారే. పట్నపు అధికారికి రెండును రెండు వేర్వేరు కాగితములు.

ఉస్మానియా ఆసుపత్రి పాత భవనములోనికి 2020 జూలైలో వాననీరు ప్రవేశించగా దానిని ఖాళీచేయవలసి వచ్చినది. గోషామహలులో 2,000 పడకల క్రొత్త ఆసుపత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగినది. అన్ని పడకలకు ఎందరు నర్సులు కావలెనో పైని చెప్పిన ప్రమాణమును బట్టి మీరే లెక్కవేసికొనవచ్చును. ఆ పిలుపు వచ్చునాటికి మీ ఊరి అమ్మాయి పేరు కౌన్సిలులో నమోదై, పత్రములన్నియు సంచిలో సిద్ధముగా నున్నచో, ఆమె ఎవరి సిఫారసు లేకుండగనే మూసీ ఒడ్డున బస్సు దిగి, తన కాళ్లతో తాను ఆసుపత్రి మెట్లెక్కగలదు. ఆమె తండ్రి తెచ్చిన అప్పు తీరు మార్గము నదియే. మన రోగులకు మంచి సేవ దొరకు మార్గము నదియే.